ఎక్కడ చూశావో చెప్పాలి

మధ్యాహ్నం కరెంటు పోయింది. లిఫ్టు మెకానిక్, దర్జీ పని చేసే అతని భార్య చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని తమ పాత ఆట మొదలుపెట్టారు. అనుకున్న అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లీషు మాట చెప్పాలి. దాన్ని ఎక్కడ చూశారో కూడా చెప్పాలి, లేకపోతే చెల్లదు.

"ఈ, ఏ, ఆర్," అన్నాడతను నిద్రమత్తుగా. "ఆపరేటర్. మా లిఫ్టు గది తలుపు మీద."

"పెర్ల్. నా బొత్తాల డబ్బా మీద."

"థియేటర్. మనం సినిమా మధ్యలో నిద్రపోయిన చోట."

"మనం కాదు, మీరు."

కిటికీ తెర మెల్లగా ఉబ్బి, మళ్లీ వాలిపోయింది.

"నీ వంతు. పడుకున్నావా?"

"లేదు. క్రేడిల్."

అతను కళ్లు తెరిచాడు. "ఎక్కడ చూశావు?"

"మలుపులో పిల్లల సామాన్ల కొట్టు అద్దం మీద, ఉయ్యాల బొమ్మ కింద."

"మన పాప పోయాక నువ్వు అటు వెళ్లడమే మానేశావు కదా."

"నిన్న వెళ్లాను. డాక్టరమ్మ దగ్గర్నుంచి వస్తూ. ఈసారి అంతా బాగానే ఉందంది."

కరెంటు వచ్చింది. ఫ్యాను బద్ధకంగా కదిలింది.

"మీ వంతు," అంది.

"క్రేడిల్."

"మీరు చూడలేదుగా. చెల్లదు."

"అయితే చెప్పులేసుకో," అన్నాడతను లేచి చెయ్యి అందిస్తూ. "చూసొద్దాం."