చెమట పట్టిన కేకు

హలో… ఆ, అక్కనే. నా షాపు ఫోను ఇంకెవరెత్తుతారు?

…ముందా ఏడుపు ఆపు. ఆ కళ్యాణమండపంలో ఉన్న తేమ చాలు, నువ్వు కొత్తగా కలపక్కర్లేదు. పెళ్ళివాళ్ళ కేకుకేమైనా అయిందా?

…కారుతోందా. ఏం కారుతోంది? లోపలి క్రీమా, పైన తొడిగిన ఫాండెంట్ చక్కెర పొరా?

…పైన నీళ్ళచుక్కలు. అంటే చెమట పట్టింది. ఫ్రిజ్‌లో పెట్టావా?

…రాత్రంతా. శభాష్. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, తిన్నగా తెచ్చి ఈ ఉక్కపోతలో నిలబెట్టావు. చల్లటి సీసా బల్లమీద పెడితే ఏమవుతుందో చంటిపిల్లకి కూడా తెలుసు. ఇన్నేళ్ళూ నా పక్కన నిలబడి నేర్చుకున్నది ఇదన్నమాట.

…సొంత షాపు పెడతానన్నదెవరు, నేనా?

…సరే, అదొదిలేయ్. దాన్ని ముట్టుకోలేదు కదా?

…తుడిచావా… దేంతో?

…గుడ్డతో. ఎర్ర చక్కెర గులాబీలున్న తెల్ల కేకుని, తడిమీద, గుడ్డతో— చెప్పకు, నాకు కనిపిస్తూనే ఉంది. పైనుంచి కిందిదాకా ఎర్రటి చారలు. పెళ్ళి కేకా అది, హత్య జరిగిన చోటా?

ఒక్క నిమిషం. వెనకాల ఆ బరబరా ఏంటి?

…కూలరా. నీళ్ళు పోసి తిప్పే కూలరు?… దానికెదురుగా పెట్టావా?

…చల్లగా ఉంటుందని. ఓసి మహాతల్లీ, అది గాలికి తేమ కలుపుతుందే. చెమట పట్టినవాడికి ఆవిరి పట్టినట్టుంది నీ వైద్యం. ఆపు. నేను వింటూ ఉంటాను.

…ఆ, ఆగింది. ఇప్పుడు చెప్పు, అక్కడ ఏసీ ఉన్న గదేదైనా ఉందా?

…మేనేజరు గది. ఆయన్ని బయటికి పంపు… భోంచేస్తుంటే ప్లేటుతో సహా పంపు. కేకు లోపల పెట్టి, తలుపేసి, మామూలు ఫ్యాను దూరంగా తిప్పు.

…తర్వాతా? తర్వాత ఏమీ చెయ్యకు. నీకు చేతకానిది అదే. చేతులు కట్టుకుని నిలబడు. ఆరాక కూడా జిగట ఉంటే, పొడి బ్రష్‌తో కార్న్‌ఫ్లోర్ పూసీ పూయనట్టు అద్దు. చారలమీద పువ్వులు అతికించు. అసలు పువ్వులు మిగిల్చావా?

…హమ్మయ్య. ఒక్క ముక్కైనా బుర్రకెక్కింది.

…ఎవరొచ్చారు? పెళ్ళికొడుకు వాళ్ళమ్మా?… చూసేసిందా?

…ఈ కేకే వద్దంటోందా. ఫోనివ్వు ఆవిడకి. ఇవ్వవే.

నమస్కారమండీ. వాళ్ళక్కనే. బజారు చివర కేకుల షాపు నాది.

…అవునండీ, చారలున్నాయి.

…నా దగ్గర్నుంచి ఇంకొకటా? పంపగలనండీ. రేపటి ఆర్డరు కేకు నా ఎదురుగానే ఉంది… పంపను.

…ఎంతిస్తానన్నా పంపను. అది చెడిపోలేదు, తడిసింది. వానలో తడిసిన మనిషిని పాతిపెట్టం కదా, ఆరబెడతాం.

…మీ తోటికోడలు పాడైపోయిందన్నారా. ఆవిడ కేకులు చేస్తారా?

…తింటారు. తినేటప్పుడు ఆవిడ మాటే విందురుగాని. ఇప్పుడు మా చెల్లెలి మాట వినండి.

…నేను తిట్టడం వేరండీ. నేను తిడతాను. మీరు మాత్రం ఆ గది తలుపు తియ్యకండి. ముందు భోజనాలు కానివ్వండి, ఆరాక మీరే చూడండి. అప్పటికీ బాగోలేదంటే వద్దనండి.

…మంచిదండీ. దానికివ్వండి.

…ఆ, విన్నాగా. చూసి చెబుతానంది. నువ్వు మురిసిపోకు, నీ తరఫున నేను ప్రేమతో మాట్లాడలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావో అందరికీ తెలుసు, నా పరువు పోతుంది.

…నేనెందుకు రావాలి? కేకు నీది. రాను.

…భయమా. సరే, లైన్లోనే ఉండు. మాట్లాడకు. నాకు పనుంది.

…

…తడి మెరుపు తగ్గిందా? వేలుపెట్టి చూడలేదు కదా?

…పెట్టావా. ఎక్కడ?… వెనకవైపు. అక్కడో పువ్వు పెట్టు. నీ వేలు పడ్డచోటల్లా పువ్వు పెడితే తోటవుతుంది.

…

…ఊఁ. ఆవిడ తలుపు కొడుతోందా? తియ్యి. నువ్వేం మాట్లాడకు, చూడనీ.

…ఏమంది?

…ఎవర్ని పిలుస్తోంది?… వడ్డించేవాళ్ళనా, దేనికి?

…హాల్లోకి మొయ్యడానికి.

మరింకా చెవి దగ్గర ఫోనేంటే? వెళ్ళు, నువ్వో వైపు పట్టుకో. పెట్టేయ్.