మధ్యలో ఖాళీలు

భిలాయి సెక్టార్ సిక్స్ క్వార్టర్‌లో, ఈమధ్యే పోయిన భర్త కూడబెట్టిన జాజ్ రికార్డుల మధ్య కూర్చుని, మరిది అప్పటికప్పుడు అల్లి వాయించిన శాక్సఫోన్ సోలోను టీచరమ్మ అతని ఫోన్‌లో విన్నది. మళ్లీ మొదటినుంచి పెట్టింది.

“ఏటి వదినా, మళ్లీ వింటున్నావేం? ఖరాబుగా ఉందా?”

“మధ్యమధ్యన ఆ ఖాళీలేటి?”

“అవే కదా అందం! రాయపూర్‌లో అందరూ వాహ్ వాహ్ అన్నారు.”

“కావాలని ఆగావా, ఊపిరి చాలక ఆగావా?”

“అలాగొచ్చేసింది. స్టైలనుకో.”

“నిరుడు ఇదే పాట ఎక్కడా ఆగకుండా వాయించావు.”

“అన్నయ్యకన్నా ఎక్కువ తప్పులెంచుతున్నావు.”

“మీ అన్నయ్య ఆఖరిసారి వాయించిన రికార్డులోనూ ఇలాంటి ఖాళీలే ఉన్నాయి బాబూ.”

అతను ఫోన్‌లో పాట ఆపేశాడు.

“అప్పుడు నువ్వేటన్నావు?”

“చప్పట్లు కొట్టాను. లే బాబూ, ఇప్పుడే ఆస్పత్రికెళ్దాం.”