గంజికొట్టం రూతమ్మ కోసం నేను చేసిన ప్రార్థన

"అవ్వా, రేపు చర్చిలో నా సంసారం గురించి నువ్వే గట్టిగా ప్రార్థన చెయ్యి. నువ్వు చేస్తే దేవుడు వింటాడు."

అట్లనద్దు పాపా. నేను చర్చిలో నోరు తెరిచి ప్రార్థన చేసి ఎన్నేండ్లాయెనో. నువ్వు పుట్టకముందు... కాదులే, మీ అమ్మ కూడా పుట్టలేదు అప్పటికి. చేతకాక కాదు. బాగా చేస్తాంటి. అదే వచ్చింది తంటా.

అప్పుడు వరసగా వానల్లేవు. బావుల్లో బురద తప్ప ఏమీ లేదు. ఆరణాలు పెట్టినా సేరు రాగులు దొరకవు, ఆ ఆరణాలన్నా యాడుండె మాకు? సర్కారోళ్లు ఊరి బయట కొట్టం వేసి గంజి పోస్తాండ్రి, మనిషికొక ముంత. మా అన్న పెండ్లాం రూతమ్మ ఆడ గంజి కాచే పనిలో ఉండె. నన్ను మా అత్త కొడుక్కే ఇచ్చినారు కదా, రెండిండ్లూ ఒకే వీధిలో. వదిన ఏదున్నా నాకే చెప్పుకునేది.

వాళ్ల పిల్లోడు, మూడేండ్లోడు, జ్వరమొచ్చి ఎండిపోయినాడు. ఒకనాడు వదిన నాతో, "మరియా, రోజూ ఒక ముంత గంజి కొంగు చాటున ఎత్తుకొస్తాండా. వాడు బతకాల కదా. ఎవురితో అనొద్దే" అనె. ఏడ్చె. నేనూ ఏడిస్తి.

ఆ బుధవారం ప్రార్థన కూటం. నా ప్రార్థన అంటే అందరికీ ఇష్టం. నాకు ఇంకా ఇష్టం, ఉన్న మాట చెప్తాండా. "ప్రభువా, మా కరువు చూడు" అంటే అందరూ "స్తోత్రం" అన్నారు. అది వినేకొద్దీ నా నోరు ఆగలేదు పాపా. "మా రూతమ్మ బిడ్డ కోసం గంజి ఎత్తుకొస్తాండాది, ఆమెను క్షమించు తండ్రీ" అంటి. ఈసారి స్తోత్రం రాలేదు. కండ్లు తెరిస్తే గంజికొట్టం మేస్త్రి మూలన కూర్చోనుండాడు. ఆయప్పా మా సంఘమోడే.

తెల్లారి వదినను పనిలోంచి తీసేసినారు. వారం తిరక్కుండా మా అన్నోళ్లు మూట కట్టుకొని మడకశిర దావన కన్నడ సీమకు కూలికి పోయినారు. పిల్లోడు దావలోనే పోయినాడు. యాడ పూడ్చినారో కూడా నాకు తెలీదు.

పాస్టరయ్య ముందర పడి ఏడిస్తి. "దేవునితోనే కదయ్యా చెప్పినా" అంటి. ఆయన తిట్టలేదు. "దేవునికి ముందే తెలుసు కదమ్మా. మరి నువ్వు చెప్పింది ఎవురికి?" అన్నాడు. "మాట నోరు దాటకముందే అది ఎవురికి మేలో చూసుకో. తెలీకపోతే మింగెయ్" అన్నాడు.

చానా ఏండ్లకు, ఈ పక్క బస్సులు పడినాక, వదినను చూసేదానికి ఆ కన్నడ సీమకు పోతి. చాప వేసె, నీళ్లిచ్చె. పొద్దు మునిగేదాకా కూర్చుంటిమి. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టింటే నేను ఏడ్చి తేలికపడేదాన్నేమో. మాట మింగమని పాస్టరయ్య నాకు చెప్పింది, ఎవురూ చెప్పకుండానే ఆమె చేసె.

నీ మొగుడు తాగొస్తాడని నాతో చెప్పుకుంటివి. రేపు ఆడ మీ అత్తుంటాది, నీ ఆడబిడ్డుంటాది. ఆడ నేను చెప్పను. వాన్నే ఈడికి పిలిపించి, వాని మొగం మీదే అడుగుతా. దా, ఈడ కూర్చో. తల వంచు. నీ కడుపు సల్లగుండాల తల్లీ.

నేను లోపల్లోపలే ప్రార్థన చేస్తా, పైకి ఏమీ వినపడదు. అయిపోయిందా అని అడగొద్దు. ఆ పిల్లోని పేరు కాడ నాకు రోజూ కొంచెం ఆలస్యమైతాది...