మిసెస్ మెరిడ్యూ ఆఖరి మాట

“అమ్మగారూ, మీ పాత్ర కాగితాల్లో ఆఖరిది ఎవరో చించేశారు.”

లండన్, 1884. తెర లేవడానికి ఇంకా మూడు గంటలుంది. నాటకశాలలో నటి మిసెస్ మెరిడ్యూ గది. ఎదురుగా ఆమెకు వేషాలు తొడిగే కెజియా.

“చించడమేంటే? కుర్చీ కింద చూడు.”

“చూశా. విగ్గుల పెట్టె కిందా చూశా, మీ కుక్క కిందా చూశా.”

“అది కాగితాలు తినదు. పత్రికలో మనల్ని తిట్టినాయన చేతి తొడుగు తింది, అంతే.”

“పోతే పోయింది లెండి. ఇరవై రోజులు రిహార్సల్ చేశారు, నోటికొచ్చేసుంటుంది.”

“నాటకంలో ఆఖరి మాట రిహార్సల్‌లో ఎవరూ అనరే. అంటే ఆ నాటకం మునిగినట్టే. అక్కడికొచ్చేసరికి అందరం ‘టమ్ టిటి టమ్’ అని ఊరుకుంటాం.”

“పైకి అనకండి. చదువుకోవచ్చుగా?”

“చదవను కూడా చదవను. మొదటి ఆట రోజు సాయంత్రం టీ తాగాకే చూస్తాను. ఆరో ఏట స్టేజీమీద నన్ను నడుముకి తీగ కట్టి దేవకన్యగా ఎగరేసినప్పటినుంచీ అంతే.”

“అంటే ఇవాళ చూడాలన్నమాట.”

“ఇవాళే. నాటకానికి మొదటిరోజు, స్టేజీమీద నాకు ఆఖరిరోజు. నలభై ఎనిమిదేళ్లలో ఒక్క మాట తడబడలేదని పేపర్లన్నీ రాశాయి. ఇవాళ నోరు తెరుచుకు నిలబడ్డాననుకో, గ్యాలరీవాళ్లు నారింజ తొక్కలతో సాగనంపుతారు.”

“రాసినాయన్ని అడుగుదాం.”

“మొదటి ఆటంటే ఆయనకి భయం. పొద్దున్నే పడవెక్కి ఫ్రాన్సు పోయాడు.”

“అనుమతి కోసం సర్కారుకి ఒక నకలు ఇస్తారుగా?”

“ఆ ఆఫీసు నాలుగింటికే మూసేస్తారు.”

“అయితే మర్చిపోయినవాళ్లకి మాటలందించే ప్రాంప్టరుగారే దిక్కు. నాటకమంతా ఆయన పుస్తకంలో ఉంటుంది. అదుగో, అటే పోతున్నారు. పెటిఫర్ గారూ, ఇలా రండి. పుస్తకమేదీ?”

“చేతిలోనే ఉందమ్మా.”

“ఆఖరి పేజీ తీయండి.”

“అదీ... అది లేదు.”

“లేదంటే?”

“చిరిగిపోయింది.”

“ఇది మన కంపెనీలో కొత్తగా చేరిన ఆ నటి పిల్ల పనే అమ్మగారూ. మీ గదిమీద ఎప్పుడో కన్నేసింది.”

“పాపం, దానికింకా ఏ వైపునుంచి స్టేజీ ఎక్కాలో తెలీదు. పెటిఫర్ గారూ, పేజీ పోతే పోనీండి. మీరు చదివారుగా, ఆ మాటేంటో చెప్పండి.”

“ఇక్కడ చెప్పకూడదు మేడమ్. అరిష్టం.”

“ఇదేం రిహార్సల్ కాదుగా. చెవిలో చెప్పండి.”

“చెవిలోనా... చెవిలో కూడా వద్దు మేడమ్.”

“బయట మంచు కురుస్తుంటే మీకు చెమటలు పడుతున్నాయేం అయ్యా?”

“మెట్లెక్కొచ్చానమ్మా.”

“మీ గది ఈ అంతస్తులోనేగా.”

“కెజియా, నువ్వాగు. పెటిఫర్ గారూ, మీరు కదిలితే కోటు జేబు గరగరమంటోంది. ఏమున్నాయందులో?”

“కాగితాలు.”

“ఎన్ని?”

“రెండు మేడమ్. ఒకటి మీది, ఒకటి నాది. నేనే చించాను. ముప్ఫై ఒక్కేళ్లు స్టేజీ పక్కన ఆ మూల చిన్న దీపం దగ్గర నిలబడ్డాను. రాజు వేషాలకి అందించాను, తాగొచ్చిన సేనాపతులకి అందించాను, ప్రేమించుకుంటూ మాట మర్చిపోయినవాళ్లకి అందించాను. మీకు మాత్రం ఒక్క మాటా అందించలేదు. మీరెప్పుడూ ఆగలేదు, నా మూలకేసి చూడనూ లేదు. రేపట్నించి మీరుండరు. అందుకని ఇవాళ ఆ ఆఖరి మాట దగ్గర మీరు నాకేసి చూడక తప్పదు మేడమ్. చూడండి చాలు, నేనందిస్తాను.”