ఎడమచేతి ముద్ద

తప్పు మాదేనే అమ్మాయ్. కుడిపక్క పడిపోయిన మనిషిని, బాగున్న ఎడమచేత్తో అన్నం తిననివ్వలేదు. మూడు నెలలు. మీ ఆఫీసులో ఎవరి నాన్నకో పక్షవాతం వచ్చిందని ఇందాక చెప్పావు చూడు, దాంతో మా మావగారు గుర్తొచ్చారు. జోగారావుగారు, మీ తాతకి తండ్రి. నువ్వు ఫొటో కూడా చూసుండవు. యాభయ్యారులో అనుకుంటా, కాదు, యాభయ్యేడు. ఉంగుటూరులో ఊడ్పులవుతున్నాయి. గట్టు మీద నుంచుని కూలీల మీద కేకలేస్తున్న మనిషి అలా కేకలేస్తూనే కూలబడ్డారు. మూతి ఓ పక్కకి పోయింది, మాట ముద్దయిపోయింది, కుడిచెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. కారు మాట్లాడి ఏలూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరుగారు మంచాయన, నిదానంగా చెప్పారు. "మందు చేసేది కొంతేనండి. చెయ్యీ కాలూ రోజూ కదిలించండి, ఆయన పనులు ఆయన్నే చేసుకోనివ్వండి, దిగులు పడకుండా చూసుకోండి" అని. విన్నది నేనొక్కదాన్నే. మా అత్తగారు కాంతమ్మగారు "పథ్యం ఏవిటండీ?" అని అడిగారు. ఇంక ఆయనేం చెప్తారు?

ఇంటికొచ్చాక మొదలయ్యారు పరామర్శకి. ఓరి నాయనో, ఆ పరామర్శలు! గూడెం నుంచి ఒకావిడ వచ్చి, మంచం పట్టె మీద కూచుని, "ఎలాంటి మనిషి ఎలా అయిపోయారమ్మా" అని రాగం తీసింది. ఆయన వింటున్నారే! చెవులకేం రాలేదుగా! ఏడ్చి, కాఫీ తాగి, చచ్చుబడ్డ చేతికీ కాలికీ పావురం నెత్తురు రాయమని చెప్పి వెళ్ళింది. రాశారు కూడా. ఆ కంపు నేను కడిగాను. ఆవిడ వెళ్ళాక ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు. అసలు కన్నీళ్ళంటే తెలియని మనిషి, ఆ జబ్బుతో దేనికి పడితే దానికి ఏడుపొచ్చేసేది. ఆ సిగ్గుతో ఇంకా ముడుచుకుపోయేవారు. అన్నింటికంటే అన్నం పెట్టడం చూడాలి. అత్తగారు కలిపి, ముద్ద చేసి, "ఆఁ... ఆఁ అనండి" అని చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టేవారు. నలభైమంది కూలీల్ని ఒక్క కేకతో నడిపిన మనిషి! చారు గడ్డం మీద కారుతుంటే కళ్ళు మూసుకునేవారు. రోజుకో ముద్ద తగ్గుతూ వచ్చింది. ఎముకలు కనపడ్డాయి.

ఒకరోజు కొల్లేటి లంక నుంచి సత్తియ్య కొరమీను పట్టుకొచ్చాడు. ఎప్పుడూ మాకు చేపలు తెచ్చేవాడే. అరుగు మీద కూచుని ఈ భాగోతమంతా చూశాడు. "అదేంటండమ్మగారూ, ఆ రెండో చెయ్యి బాగానే ఉంది గదండీ?" అన్నాడు. "అది ఎడం చెయ్యిరా!" అని అత్తగారు గయ్యిమన్నారు. వాడు తల గోక్కుని, "మేం దోనెలో గెడేసుకుంటానే తింటావండి. గెడ వదిలితే దోనె గాలికి పోద్దండి. ఏ చెయ్యి ఖాళీ అయితే ఆ చేత్తోనే. మా కొల్లేటి పెద్దింట్లమ్మ తల్లి ఇప్పటిదాకా ఏవీ అనలేదండి" అన్నాడు. మావగారు నవ్వారే! వంకర మూతితో, గుర్రుమని. మూడు నెలల్లో అదే మొదలు. నవ్వి, ఎడమచెయ్యి కంచంలో పెట్టారు. అత్తగారు టక్కున మణికట్టు పట్టుకున్నారు. "కడుక్కునే చేత్తోనా! నలుగురూ చూస్తే?" అంతే. ఆయన గోడ వైపు తిరిగారు. రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏదీ లోపలికి పోనివ్వలేదు. మీ తాత తలుపు దగ్గర నుంచుని "రేపు ఏలూరు తీసుకెళ్దాం" అంటారు. ఏలూరులో ఏం చేస్తారు? ముక్కులోంచి గొట్టం వేస్తారు. ఇంట్లో అన్నం ఉండగా, తినడానికి చెయ్యి ఉండగా!

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం రెండు కంచాలు పట్టుకెళ్ళాను. ఆ రోజుల్లో మావగారి ముందు కోడలు కూచోవడమే తప్పు, ఇంక తినడమా? ఆయన ఎదురుగా పీట వేసుకుని కూచుని, కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో పప్పన్నం కలిపాను. అంత కష్టమనుకోలేదే! ముద్ద నిలవదు, సగం నోట్లోకి, సగం ఒళ్ళోకి. గుమ్మంలోంచి అత్తగారు, "చదువుకున్న కోడలని తెచ్చుకుంటే ఇదమ్మా! నా వంటింట్లోకి అడుగుపెట్టకు" అన్నారు. "అలాగేనండి" అన్నాను. నోట్లో అన్నం ఉంది, ఇంకేమనను? మావగారు గోడ వైపు నుంచి మెల్లిగా ఇటు తిరిగారు. నా చీర మీద మెతుకుల్ని చూశారు. "నీకూ... రా... దు" అన్నారు. "రాదండీ. మీరు చూపించండి" అన్నాను. రెండో కంచం దగ్గరికి లాక్కున్నారు. పక్కంతా పారబోసుకున్నారు, గంట పట్టింది. కంచం ఖాళీ అయింది.

అత్తగారు నాతో వారం మాట్లాడలేదు, తర్వాత మాట్లాడారనుకో. మావగారు ఆపైన ఏడేళ్ళు బతికారు. కర్ర పట్టుకుని చేలోకి వెళ్ళేవారు, ముద్దమాటలతోనే కూలీల్ని తిట్టేవారు. మా ఆడపడుచు పెళ్ళిలో ఆయన్ని గదిలో కూచోబెట్టి పెడదామన్నారు, నలుగురూ నవ్వుతారని. కుదరదన్నాను. బంతిలో ఆయన పక్క విస్తరి నేను వేయించుకున్నాను. ఆ ఏడేళ్ళూ ఆయనున్న చోట నేను కుడిచేత్తో ఒక్క ముద్ద తినలేదు.