మీ అమ్మ గది హీటర్

చలిదేశపు నగరం ఆర్హుస్‌లో ఒక ఇల్లు. గదిగదికీ విడిగా వేడి పెట్టుకునేలా దంపతులు ఫోన్లోని యాప్‌తో సరిచేస్తున్నారు. ఆమె పడగ్గదిలో, అతను తల్లి ఖాళీచేసిన గదిలో.

“మీ అమ్మ గది వేడి పెంచాను, చూడు!”

“ఈ హీటర్ చల్లగానే ఉందే!”

“అదేంటి? ఇక్కడ మనది కాలిపోతోంది.”

“సరే, మనది పెంచు.”

“పెంచా.”

“ఇప్పుడు అమ్మది వేడెక్కుతోంది! వైర్లు మొదట్నుంచీ తారుమారన్నమాట.”

“అయ్యో! ఆవిడ చలేసి తన గది గోడమీది మీట పెంచితే, ఉక్కపోసింది మనకా?”

“ఉక్కగా ఉందని మనం మనది తగ్గించేవాళ్ళం...”

“మీట నిండా పెంచినా చలంటోంది, మతి పోయిందన్నావు.”

“నువ్వూ అవునన్నావు.”

“వృద్ధాశ్రమానికి దింపిన రోజు నిన్నేదో అడిగింది కదా?”

“‘ఇక్కడైనా వెచ్చగా ఉంటుందా నాన్నా’ అని.”