చక్రం వెనక రాయి

ఇంటి ముందు వాలు మీద, మూతి పైకి పెట్టి నిలిపిన పికప్ బండి. దాని కింద భర్త. పైన, డ్రైవరు సీట్లో భార్య. వాలు చివర గేటు.

"కాలు తీయకు. ఏం జరిగినా బ్రేకు మీంచి కాలు తీయకు."

"తీయలేదు. ఆ చప్పుడేంటి? మీకేమైంది?"

"గేర్‌బాక్సు. జాకీ మీంచి ఒరిగి తొడ మీద పడింది."

"అయ్యో. కాలు లాక్కుని బయటికి రాలేరా?"

"మనిషంత బరువుంది, కదలడం లేదు. విను. ముందు చక్రం నా భుజానికి జానెడు దూరంలో ఉంది. బండి ఇంకాస్త వెనక్కి జారితే నా మీంచే పోతుంది."

"అలా చెప్పకండి. గేరు పార్క్‌లోనే ఉందిగా? ఎదురుగా పి అని కనిపిస్తోంది. మరెందుకు జారింది?"

"చక్రాలు తిప్పే షాఫ్టు ఊడదీశాను. ఇప్పుడు ఆ పి కీ చక్రాలకీ ఏ సంబంధమూ లేదు."

"హ్యాండ్‌బ్రేకు?"

"అడ్డొస్తోందని దాని కేబులూ విప్పాను. వెనక చక్రాలకి రాళ్లున్నాయిగా అని ధైర్యం."

"రాళ్లు లేవు."

"ఉన్నాయి. నా చేత్తో పెట్టాకే కిందకి దూరాను."

"అద్దంలో చూస్తున్నానండీ. ఈ పక్క చక్రం దగ్గర రాయి లేదు."

"నువ్వేమైనా తీశావా? బట్టలు ఆరేయడానికి ఎక్కి నిలబడతావుగా వాటి మీద."

"నేనా? టార్చి ఇమ్మన్నారని బండెక్కాను. ఎక్కీ ఎక్కగానే కదిలింది. నేను బ్రేకు తొక్కకపోతే ఈపాటికి..."

"సరే, సరే. పక్కింటి పిల్లలై ఉంటారు."

"వాళ్లు పెళ్లికెళ్లారు. ఇంటికి తాళం."

"అయితే ఏ కుక్కో..."

"కుక్క అంతంత రాళ్లు మోస్తుందా? అదిగో, కనిపిస్తున్నాయి. పూలకుండీల పక్కన. రెండూ ఒద్దికగా సర్ది ఉన్నాయి. ఈ ఇంట్లో అలా సర్దేది ఎవరండీ?"

"ఇప్పుడు ఆ మాటెందుకు?"

"మొన్న మామయ్య ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయినప్పుడూ ఇదే మాటన్నారు."

"ఆయనకేం లేదు. వయసు. అంతే."

"డాక్టరుకి చూపిద్దామంటే మీరు నన్ను కొట్టినంత పని చేశారు. అసలు ఆ రోజు ముందుకెళ్తున్న బండికి మీరు రివర్సు వేయకపోతే ఈ గేర్‌బాక్సూ పోయేది కాదు, పాప నుదుటికి కుట్లూ పడేవి కాదు."

"అవును, నేనే వేశాను. ఎన్నిసార్లు దెప్పుతావు?"

"ఏమండీ."

"మళ్లీ ఏంటి?"

"పెడలు కిందికి దిగుతోంది. నేను గట్టిగానే తొక్కుతున్నా. అదే మెల్లగా దిగిపోతోంది."

"ఎంత దిగింది?"

"సగం. ఇంకా దిగుతోంది. ఫోను మీ దగ్గరుందా?"

"బల్ల మీద పెట్టాను. నీది?"

"వంటింట్లో. ఏమండీ, పాప బడి నుంచి వచ్చే వేళ. గేటు తోసుకుని నేరుగా బండి వెనక్కే వస్తుంది."

"నాన్నని పిలు."

"ఆయన్నా?"

"ఇంకెవరున్నారు? పిలు."

"మామయ్యా! మామయ్యా, ఒక్కసారి ఇటు రండి!"

"వస్తున్నానమ్మాయ్. ఎందుకలా కేకలేస్తావు? చిన్నోడేడీ?"

"ఇక్కడే ఉన్నా నాన్నా, బండి కింద. కంగారు పడకు. కుండీల దగ్గర రెండు రాళ్లున్నాయి. తెచ్చి వెనక చక్రాలకి పెట్టు. తొందరగా."

"రాళ్లేగా. ఎంతసేపు?"

"వెళ్తున్నారండీ. కుండీల దాకా వెళ్లారు. వంగారు... మామయ్యా, అటు కాదు. ఇంట్లోకి కాదు మామయ్యా!"

"ఏం చేస్తున్నాడు?"

"లోపలికెళ్లిపోయారు. నాకు భయంగా ఉందండీ. పెడలు నేలకి ఇంకో నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది, అంతే."

"ఏడవకు. కాలు మాత్రం తీయకు."

"ఇంద చిన్నోడా, మంచినీళ్లు. ఎండలో పడి ఎంతసేపు పని చేస్తావు?"

"నాన్నా, నీళ్లు కాదు. రాళ్లు."

"ఏ రాళ్లు?"

"ఇప్పుడే చెప్పానుగా నాన్నా..."

"ఏం చెప్పావు? నువ్వేం చెప్పలేదు. అమ్మాయ్, వీడేమైనా చెప్పాడా?"

"మామయ్యా, మీకు దండం పెడతాను..."

"నువ్వుండు. ఆయన్ని బతిమాలకు. నన్ను అరవనీ."

"అరిస్తే ఇంకా తికమక పడతారు."

"కొడుకులా కాదు, డ్రైవరులా అరుస్తా. నాన్న క్లీనరుగా ఉన్న రోజుల్లో లారీ కొండెక్కలేక వెనక్కి జారితే, డ్రైవరు ఎలా అరిచేవాడో మాకు వందసార్లు చెప్పాడు. ఒరే క్లీనరూ! బండి జారుతోంది, రాయెయ్ రా! రాయి!"

"వేస్తున్నా డ్రైవరన్నా! బ్రేకు పట్టుకో, పట్టుకో!"

"పరిగెడుతున్నారండీ. ఒక రాయెత్తారు. ఆ వయసులో..."

"రాయెయ్ రా! ఎడమ పక్క!"

"ఎడమ పక్క పడిందన్నా!"

"ఆ పక్క అద్దం ఎప్పుడో పగిలిపోయిందండీ. నాకు కనిపించడం లేదు. నిజంగా వేశారో లేదో."

"రెండోది! కుడి పక్క!"

"పెడలు నేలకి ఆనేసింది. ఏమండీ, ఇక లేదు. జారుతోంది..."

"నాన్నా!"

"పడింది! రెండూ పడ్డాయి. కొండే విరగాలి గానీ, మన బండి జారదు."

"ఏమండీ? ఏమండీ, పలకండి."

"ఉన్నాను. రబ్బరు వాసన కూడా తెలుస్తోంది. ఆగింది. మెల్లగా దిగి, జాకీ ఇటు తోసి, ఆ గేర్‌బాక్సుని లేపు."

"ఇక్కడా? ఇలా కొట్టనా?"

"కొట్టు. ఇంకాస్త. చాలు, కాలొచ్చింది. రెక్క పట్టుకుని లాగు."

"రక్తమేం లేదు. నల్లగా కమిలింది. నిలబడకండి, ఇక్కడే కూర్చోండి. నేనెళ్లి పాపని గేటు బయటే ఆపుతాను."

"ఆగమ్మాయ్. నాకొకటి చెప్పి వెళ్లు. మనిషి కింద ఉండగా చక్రానికున్న రాయి తీస్తారా ఎవరైనా? మా రోజుల్లో అలాంటివాణ్ని మళ్లీ బండెక్కనిచ్చేవాళ్లం కాదు. ఎవడు వాడు?"

"ఎవరూ కాదు మామయ్యా. పోనీయండి."

"ఎలా పోనిస్తాను? నా కొడుకు చచ్చేవాడు. పేరు చెప్పు."

"నేనే మామయ్యా. బట్టలు ఆరేయడానికి తీశాను. మళ్లీ పెట్టడం మరిచిపోయాను."

"నువ్వా? బుద్ధుందా నీకు? పాప రోజూ ఈ బండిలోనే తిరుగుతుంది. నిన్ను నమ్మి పిల్లనెలా వదలడం?"

"తనని అనకు నాన్నా."

"ఏమండీ, వద్దు. ఊరుకోండి."

"ఊరుకునే ఇంత దాకా తెచ్చాను. నాన్నా, రాళ్లు తీసింది నువ్వు. ఆ రోజు నాకు చెప్పకుండా పాపని ఎక్కించుకెళ్లి, నడుస్తున్న బండికి రివర్సు వేసింది కూడా నువ్వే."